సైకత తీరంలో సీళ్ళు

పాఠ్యభాగ ఉద్దేశం

వన్యప్రాణులను వాటి సహజ నివాసంలోనే చూడాలనే కోరిక నేడు ప్రపంచమంతటా పెరుగుతున్నది. ఆ కోరిక ప్రాణులకు రక్షణ కావచ్చు, పీడ కూడా కావచ్చు. ఇంగ్లాండ్ తీరంలో సీళ్ళను చూడడానికి సాగే ఒక చిన్న పడవ ప్రయాణాన్ని వర్ణిస్తూ, చూసేవారికి ఉండవలసిన సంయమనాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

సముద్రంలో నివసిస్తూ పిల్లలకు పాలిచ్చి పెంచే క్షీరదాలు కొన్ని ఉన్నాయి. వాటిలో తిమింగిలాలు, డాల్ఫిన్లు జీవితమంతా నీటిలోనే గడుపుతాయి. సీళ్ళ జీవనం అటువంటిది కాదు. అవి ఆహారం కోసం సముద్రాన్ని, విశ్రాంతి కోసం, సంతానం కోసం నేలను ఆశ్రయిస్తాయి. నీటిలో ఎంతో చురుకుగా సంచరించే సీల్, నేలపైకి వచ్చేసరికి బరువైన దేహాన్ని ఈడ్చుకుంటూ పాకవలసిందే. ఈ నిస్సహాయత ఒకనాడు వేటగాళ్ళకు వరమైంది. నేడు అదే సందర్శకులకు వాటిని తీరిగ్గా చూసే అవకాశం కల్పిస్తున్నది. సీళ్ళలో అధికభాగం చల్లని సముద్రాలలో నివసించేవి. భారతదేశ తీరాలు వాటికి ఆవాసాలు కావు. అందుచేత తెలుగు విద్యార్థులకు అవి పుస్తకాలలోను, తెరపైనను పరిచయమైన ప్రాణులు మాత్రమే.

ఇంగ్లాండ్ తూర్పుభాగంలో నార్‌ఫోక్ అనే ప్రాంతం ఉంది. దాని ఉత్తరపుటంచును ఉత్తర సముద్రం ఒరసుకొని ఉంటుంది. ఆ తీరం నుంచి పడమరకు సాగిన సన్నని దిబ్బ పేరు బ్లేక్‌నీ పాయింట్. దాని పొడవు సుమారు 6.4 కిలోమీటర్లు. అలలు శతాబ్దాల తరబడి గులకరాళ్ళను, ఇసుకను మోసుకొచ్చి పేర్చగా ఏర్పడిన దిబ్బ అది. గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టి, ఇసుకలతో కాకినాడకు ఎదురుగా ఏర్పడిన హోప్ ఐలాండ్‌ను చూసినవారికి దీని ఆకారాన్ని ఊహించడం కష్టం కాదు. హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు అడ్డుగోడ వలె నిలిచినట్లే, ఈ దిబ్బ తన వెనుక ఉన్న చిత్తడి నేలలను సముద్రపు తాకిడి నుంచి కాపాడుతున్నది. మధ్యయుగంలో ఈ ప్రాంతపు రేవులు ఓడల రాకపోకలతో కళకళలాడేవి. కాలక్రమాన పూడిక పేరుకొని పెద్ద ఓడలు రావడం మానివేశాయి. మనుషుల సందడి తగ్గిన చోట పక్షులు, మొక్కలు, జలచరాలు తమ రాజ్యాన్ని నిలుపుకొన్నాయి. వృక్షశాస్త్రవేత్త అయిన ఆచార్య ఫ్రాన్సిస్ ఆలివర్ ఇక్కడికి తన విద్యార్థులను తీసుకువచ్చి పరిశోధనలు సాగించాడు. 1912లో ఈ దిబ్బ నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సంరక్షణలోకి వచ్చింది. నాటి నుంచి నేటివరకు అది ప్రకృతి సంరక్షణ స్థలంగానే కొనసాగుతున్నది.

సీళ్ళను చూడగోరే వారు మార్‌స్టన్ అనే గ్రామపు చిన్న రేవుకు చేరుకుంటారు. అక్కడ పడవలు బయలుదేరే వేళను నిర్ణయించేది మనిషి కాదు, సముద్రమే. పోటు సమయంలో రేవును సముద్రంతో కలిపే పాయ నిండుగా ప్రవహిస్తుంది. ఆటు వచ్చినప్పుడు అదే పాయలో నీరు తగ్గిపోయి, పడవలు బురదలో ఒరిగి నిలబడతాయి. ఒక పోటుకు, మరుసటి పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది. అందువల్ల పడవ బయలుదేరే సమయం రోజురోజుకూ మారుతుంది. ఈనాడు ఉదయం పది గంటలకు అనుకూలమైన పోటు, రేపు అంతకంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఎంత తొందరలో ఉన్నవారైనా సముద్రం అనుమతించేవరకు వేచి ఉండవలసిందే. ఈ ప్రయాణం నేర్పే మొదటి పాఠం ఇదే.

ప్రయాణం సాధారణంగా గంటసేపు సాగుతుంది. పైకప్పు లేని పడవలో, ఇరువైపులా వేసిన బల్లలపై ప్రయాణికులు వరుసగా కూర్చుంటారు. ఎండాకాలంలో సైతం ఆ సముద్రపు గాలి చలి పుట్టిస్తుంది. పడవ పాయలో మెల్లగా మలుపులు తిరుగుతూ సాగుతుంటే, ఇరువైపులా ఉప్పునీటిలో బ్రతికే పొదలు, బురదలో పురుగులను ఏరుకొనే పక్షులు కనిపిస్తాయి. వేసవిలో టెర్న్ పక్షులు గుంపులుగా నీటిపై తిరుగుతూ, ఒక్కసారిగా మునిగి చేపను ముక్కున కరచుకొని లేస్తాయి. దూరాన ఇసుకదిబ్బల నడుమ నీలిరంగు భవనమొకటి ఒంటరిగా దర్శనమిస్తుంది. ఒకప్పుడు ఆపదలో ఉన్న నావికులను రక్షించే పడవలను అందులో ఉంచేవారు. నేడు అది దిబ్బను కాపాడే సిబ్బందికి విడిది.

దిబ్బ కొసకు చేరువవుతున్న కొద్దీ పడవ వేగం తగ్గుతుంది. నీటి అంచున ఇసుకపై పడి ఉన్న దుంగల వంటి ఆకారాలు మొదట కనిపిస్తాయి. పడవ ఇంకొంత సమీపించగా ఒక దుంగ తల ఎత్తుతుంది, మరొకటి పొట్ట గోక్కుంటుంది. అప్పుడు గాని అవి సీళ్ళని ప్రయాణికులకు బోధపడదు.

ఈ తీరంలో రెండు జాతుల సీళ్ళు నివసిస్తున్నాయి. మొదటిది సాధారణ సీల్. దీని తల గుండ్రంగా, ముఖం పిల్లి ముఖాన్ని తలపిస్తూ ఉంటుంది. రెండవది బూడిదరంగు సీల్. దీని ముక్కు పొడవుగా, ముఖం గుర్రపు ముఖాన్ని పోలి ఉంటుంది. బాగా ఎదిగిన మగ సీల్ 300 కిలోల వరకు బరువు తూగుతుంది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన లాటిన్ నామానికి 'వంకర ముక్కు గల సముద్రపు పంది' అని అర్థం. పేరు అందంగా లేకపోయినా ఈ జాతికి ఉన్న ప్రాధాన్యం అత్యల్పమేమీ కాదు. ప్రపంచంలోని బూడిదరంగు సీళ్ళలో దాదాపు మూడోవంతు బ్రిటన్ తీరాలనే ఆశ్రయించుకొని ఉన్నాయి. అందుచేత వాటి క్షేమం ఆ దేశానికి ప్రత్యేకమైన బాధ్యత అయింది.

నేలపై బద్ధకంగా కనిపించే ఈ ప్రాణి దేహనిర్మాణం ఆశ్చర్యం గొలిపేది. చర్మం కింద ఉండే దళసరి కొవ్వుపొర చలిని లోపలికి రానీయదు. ఆహారం దొరకని రోజులలో శక్తినిచ్చేది కూడా ఆ కొవ్వే. మనిషి నీటిలో మునిగేటప్పుడు గాలిని నిండుగా పీల్చుకుంటాడు. సీల్ అందుకు విరుద్ధంగా ఊపిరి వదలి మునుగుతుంది. దానికి కావలసిన ప్రాణవాయువు రక్తంలోను, కండరాలలోను నిలువ ఉంటుంది. మునిగిన తరువాత గుండె కొట్టుకొనే వేగం గణనీయంగా తగ్గి, ఆ నిలువను పొదుపుగా వాడుకుంటుంది. మసక నీటిలో వేటకు దాని మీసాలే సాధనాలు. ఈదిపోయిన చేప తన వెనుక నీటిలో కలిగించిన సన్నని కదలికలను సైతం ఆ మీసాలు పసిగడతాయి. కళ్ళకు గంతలు, చెవులకు మూతలు ఉన్నప్పటికీ, సీల్ ఒక చిన్న జలాంతర్గామి బొమ్మ వెళ్ళిన మార్గాన్ని అనుసరించగలదని జర్మన్ శాస్త్రజ్ఞులు 2001లో ప్రయోగపూర్వకంగా నిరూపించారు.

సాధారణ సీళ్ళు వేసవిలో పిల్లలను కంటాయి. ఆ పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే ఈదగలవు. బూడిదరంగు సీళ్ళ ప్రసవకాలం చలికాలం. అక్టోబర్ చివర మొదలై జనవరి వరకు అది సాగుతుంది. అప్పుడే పుట్టిన పిల్ల బరువు సుమారు 14 కిలోలు. ఒంటినిండా తెల్లని మెత్తని బొచ్చు ఉంటుంది. ఆ బొచ్చు చలిగాలిని ఆపగలదు కాని, నీటిలో తడిస్తే రక్షణనివ్వదు. అందువల్ల పిల్ల నేలపైనే ఉండి పెరగాలి. గేదె పాలలో కొవ్వు సుమారు 7 శాతం ఉంటే, సీల్ పాలలో అది 50 శాతానికి మించుతుంది. ఆ పాలు త్రాగి పిల్ల మూడు వారాలలో దాదాపు మూడు రెట్ల బరువు పెరుగుతుంది. ఆ రోజులన్నిటిలోను తల్లి ఆహారం ముట్టదు. తన దేహంలోని కొవ్వును కరిగించి పిల్లకు పాలుగా అందిస్తుంది. ఆపైన తల్లి సముద్రంలోకి తిరిగి వెళ్ళిపోతుంది. ఆ వియోగం తరువాత పునరాగమనం ఉండదు. పిల్ల తెల్లబొచ్చును రాల్చుకొని, నిలువ ఉన్న కొవ్వుతో కొన్ని వారాలు గడిపి, ఆకలి తరుముతుండగా ఒంటరిగా సముద్రంలోకి దిగుతుంది. దానికి ఈతను, వేటను నేర్పే గురువు ఎవరూ లేరు.

తీరంలో ఒంటరిగా పడి ఉన్న సీల్ పిల్లను చూసినవారి హృదయం కరగడం సహజం. దాని పెద్ద నల్లని కళ్ళ నుంచి నీరు కారుతూ ఉంటుంది. తల్లి కోసం ఏడుస్తున్నదని చూసేవారు భావిస్తారు. వాస్తవం వేరు. మనిషికి కంటి తడి ముక్కులోకి పోవడానికి సన్నని నాళం ఉంటుంది. సీళ్ళకు అది లేదు. అందుచేత కళ్ళను కాపాడే ద్రవం చెంపల మీదుగా జారుతుంది. ఆ తడి శోకచిహ్నం కాదు, ఆరోగ్యలక్షణం. ఈ సంగతి తెలియని దయాహృదయులు పిల్లను నిమరడానికి, నీటిలోకి నెట్టడానికి, ఆహారం పెట్టడానికి ప్రయత్నిస్తారు. మనుషులు చుట్టూ మూగితే దూరాన ఉన్న తల్లి పిల్ల దగ్గరకు రావడానికి జంకుతుంది. ఒక్కొక్కసారి పిల్లను విడిచిపెట్టవచ్చు. తెలివి తోడు లేని దయ క్రౌర్యమంత కీడు చేయగలదు.

కనుకనే ఆ పడవలను నడిపేవారు కొన్ని నియమాలను పాటిస్తారు. పడవ సీళ్ళవైపు నేరుగా దూసుకుపోదు. పక్కగా, నెమ్మదిగా, ఒకే వేగంతో సాగుతుంది. సీళ్ళు నిద్రపోతున్నా, ఒళ్ళు విరుచుకుంటున్నా అవి నిశ్చింతగా ఉన్నట్లు. ఒకేసారి అనేకం తలలెత్తి పడవవైపు చూడసాగితే దూరం మించిపోయిందని గ్రహించి పడవ వెనుదిరగాలి. ఆ హెచ్చరికను లెక్కచేయకపోతే గుంపంతా బెదిరి నీటిలోకి పరుగు తీస్తుంది. ఆ తొక్కిడిలో పిల్లలు నలిగిపోవచ్చు. పాలిచ్చే తల్లికి ప్రతి పరుగూ శక్తినష్టమే. ఆ నష్టం చివరకు పిల్ల పాలలోనే కనబడుతుంది. ప్రసవకాలంలో దిబ్బ కొసకు నడిచి వెళ్ళడానికి సందర్శకులకు అనుమతి ఉండదు. పడవలో నుంచి చూడడమే మార్గం. ఈత కొడుతున్న పడుచు సీళ్ళు కొన్ని తమంత తామే పడవ చెంతకు వచ్చి, తలలు పైకెత్తి మనుషులను పరీక్షగా చూస్తాయి. ఆ సమీపించే స్వేచ్ఛ వాటిది. దానిని మనిషి బలవంతంగా తీసుకోరాదు.

ఈ మర్యాద ఒక్కరోజులో ఏర్పడలేదు. పూర్వం బ్రిటన్ తీరాలలో చర్మం కోసం, నూనె కోసం సీళ్ళను విరివిగా వేటాడేవారు. అవి కొన్ని వందలే మిగిలాయన్న ఆందోళనతో 1914లో బూడిదరంగు సీళ్ళ రక్షణకు చట్టం చేశారు. ప్రసవకాలంలో వాటిని చంపడాన్ని అది నిషేధించింది. 1970లో అంతకంటె విస్తృతమైన సీళ్ళ సంరక్షణ చట్టం వచ్చింది. ఆపదలు మాత్రం తొలగిపోలేదు. 1988లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వంటి ఒక వైరస్ వ్యాధి సోకి, వాయవ్య ఐరోపా తీరాలలో సుమారు 18 వేల సీళ్ళు మరణించాయి. వాటిలో అత్యధికం సాధారణ సీళ్ళే. 2002లో ఆ వ్యాధి మరల విజృంభించింది. ఈ నష్టాల నడుమనే బ్లేక్‌నీ పాయింట్‌లో ఒక ఆశాకిరణం ఉదయించింది. 2001లో అక్కడ పుట్టిన బూడిదరంగు సీల్ పిల్లలు 25 మాత్రమే. 2014 చలికాలంలో ఆ సంఖ్య 2 వేలు దాటింది. వాటిని వేటాడే సహజ శత్రువులు అక్కడ దాదాపు లేకపోవడం, మనుషుల జోక్యం తక్కువగా ఉండడం ఇందుకు ముఖ్యకారణాలు.

సీళ్ళ పెరుగుదల అందరికీ సంతోషకరమని చెప్పలేము. ఒక్కొక్క సీల్ రోజుకు సుమారు 5 కిలోల చేపలను తింటుంది. వలలో పడిన చేపను కొరికి పాడుచేసే సీల్ జాలరికి పోటీదారుగానే కనిపిస్తుంది. ఈ అభ్యంతరాన్ని తేలికగా త్రోసిపుచ్చడం న్యాయం కాదు. అయితే సీళ్ళను చూపించే పడవల వల్ల ఆ తీరగ్రామాలకు మరొక జీవనోపాధి లభించింది. బ్రతికి ఉన్న సీల్ అక్కడి కుటుంబాలకు ఏటేటా ఆదాయమిస్తున్నది. పడవవారి సంయమనానికి దయతో పాటు దూరదృష్టి కూడా ఆధారం. బెదిరిన సీళ్ళు తీరాన్ని విడిచిపోతే పడవలకు పని ఉండదు.

మానవుని వల్ల కలిగే కీడు పడవ వెంటనే రానక్కరలేదు. తీరంలో విసిరి ఆడుకొనే ప్లాస్టిక్ వలయం ఒకటి సముద్రం పాలైతే, ఆటలాడే సీల్ దానిలో తల దూర్చవచ్చు. శరీరం పెరిగినకొద్దీ ఆ వలయం మెడలోకి కోసుకొనిపోతుంది. 2017లో నార్‌ఫోక్ తీరాన అటువంటి స్థితిలో దొరికిన ఒక ఆడ సీల్‌కు నెలల తరబడి చికిత్స చేసి, 2018లో సముద్రంలో విడిచారు. ప్రకృతి తెచ్చే ఆపదలు వేరుగా ఉండనే ఉన్నాయి. 2013 డిసెంబర్ 5న ఉత్తర సముద్రంలో వచ్చిన ఉప్పెన నార్‌ఫోక్ తీరాన్ని ముంచెత్తగా, అనేక పిల్లలు తల్లులకు దూరమయ్యాయి. ఉప్పెనను ఆపడం మనిషికి సాధ్యం కాదు. ప్లాస్టిక్ వలయాన్ని ఇంటికి తీసుకుపోవడం సాధ్యమే.

తెలుగు తీరంలో సీళ్ళు లేకపోయినా ఈ నీతికి చోటు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ తీరంలోని ఇసుక తిన్నెలపైకి, హోప్ ఐలాండ్‌పైకి, ఏటా జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. సీల్ వలెనే అవి కూడా సంతానం కోసం నేలను నమ్ముకొన్నవి. గుడ్ల నుంచి వెలువడిన పిల్లలు వెలుతురున్న దిక్కునే సముద్రమని భావించి కదులుతాయి. తీరంలో వెలిగే విద్యుద్దీపం వాటిని ఎదురు దిక్కుకు మళ్ళిస్తుంది. అక్కడ దీపం ఆర్పడం, ఇక్కడ పడవ వేగం తగ్గించడం ఒకే మర్యాదకు రెండు రూపాలు.

గంట గడిచేసరికి పాయలో నీరు తీయడం మొదలవుతుంది. పడవ రేవుకు మరలుతుంది. ప్రయాణికులు సీళ్ళను తాకలేదు, పేరు పెట్టి పిలవలేదు, ఆహారం పెట్టలేదు. సీళ్ళు మాత్రం పడవ రాకముందు ఎట్లా పడుకొని ఉన్నాయో, వెళ్ళిన తరువాత కూడా అట్లాగే పడుకొని ఉన్నాయి. ఆనాటి ప్రయాణం సఫలమైందనడానికి అదే ఏకైక నిదర్శనం.

పదాలు – అర్థాలు

సైకతం : ఇసుకతో కూడినది
సంయమనం : నిగ్రహం
ఆవాసం : నివాసస్థానం
పోటు : సముద్రపు నీరు పొంగి రావడం
ఆటు : సముద్రపు నీరు వెనుకకు తగ్గడం
పూడిక : పేరుకొన్న ఇసుక, మట్టి
వియోగం : ఎడబాటు
క్రౌర్యం : క్రూరత్వం
పునరాగమనం : తిరిగి రావడం

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మార్‌స్టన్ రేవు నుంచి సాగే పడవ ప్రయాణాన్ని వర్ణించండి.
2. వన్యప్రాణులను చూసేవారు పాటించవలసిన నియమాలను పాఠం ఆధారంగా వివరించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు 6 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బూడిదరంగు సీల్ తన పిల్లను ఎట్లా పెంచుతుంది?
2. సీళ్ళ కళ్ళ నుంచి నీరు కారడానికి కారణమేమి?
3. సీళ్ళ విషయంలో జాలరుల అభ్యంతరమేమి? దానిపై మీ అభిప్రాయం తెలపండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "తెలివి తోడు లేని దయ క్రౌర్యమంత కీడు చేయగలదు."
2. "ఆ సమీపించే స్వేచ్ఛ వాటిది."

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బ్లేక్‌నీ పాయింట్ ఏ సంవత్సరంలో నేషనల్ ట్రస్ట్ సంరక్షణలోకి వచ్చింది?
2. మసక నీటిలో సీల్ వేటకు ఉపకరించే సాధనాలేవి?

ఉ) క్రింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
1. అత్యల్పం
2. ఏకైక
3. జీవనోపాధి